కొండ మీద దొరికిన పుర్రె

ఎవరైనా ఒక పుర్రెను కాగితంలో చుట్టి తెచ్చి బల్ల మీద పెడితే పుర్రెల బాబాయి దాన్ని వెంటనే ముట్టుకునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, "ఎక్కడ దొరికింది?" అని అడిగేవాడు. గుట్ట మీదనా, చేను గట్టునా, నీటి ఒడ్డునా, ఇళ్ళ మధ్యనా, అది తేలాకే అతని చూపు పుర్రె మీదికి దిగేది. రిజిస్టరులో గళ్ళు కూడా ఆ వరసలోనే ఉండేవి. మొదట తేదీ, తర్వాత దొరికిన చోటు, తర్వాత తెచ్చినవారి పేరు, అన్నిటికన్నా చివర జంతువు పేరు. చోటు తెలిస్తే సగం జంతువు తెలిసినట్టేనని కొత్తగా చేరిన విద్యార్థులకి ఏటేటా చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళు ఆ పద్ధతి అతనికి మంచి పేరు తెచ్చింది. ఒక్కసారి మోసం చేసింది. ఆ ఒక్కసారి వల్ల ఊరి పక్క వాగుకి జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

అతను చదివింది తక్కువ. పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి హాల్లోకి వెళ్ళే ముఖం లేక, పంతొమ్మిదో ఏట కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో అటెండరుగా చేరాడు. మొదట ఇచ్చిన పని సీసాలు తుడవడం. తర్వాత ఇచ్చింది ఎవరూ ముక్కు మూసుకోకుండా దగ్గరికి రాలేని పని. చచ్చిన జంతువుల తలలను తొట్టెలో వారాల తరబడి నానబెట్టి, మాంసం ఊడిపోయాక ఎముకను కడిగి నీడలో ఆరబెట్టాలి. ఉడకబెడితే పని త్వరగా తెమిలిపోతుంది గానీ ఎముక పెళుసై పళ్ళు రాలిపోతాయని రెండు నక్క తలలు పాడు చేశాక తెలుసుకున్నాడు. రాలిన పళ్ళను ఏరి, ఏ పన్ను ఏ గుంటలోదో చూసి తిరిగి అతికించేవాడు. అలా అతికిస్తూ అతికిస్తూ పుస్తకం తెరవకుండానే పళ్ళు చదవడం నేర్చుకున్నాడు. లెక్చరర్లు వచ్చారు, బదిలీల మీద వెళ్ళారు. చివరి గదిలో ఇనప బీరువాలూ, దూది పరిచిన చెప్పుల డబ్బాలూ, కలరా ఉండల వాసనా, అతనూ మిగిలారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అనుమానం వస్తే, "ఒకసారి బాబాయికి చూపించండి" అనేవారు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు అతని సైకిలు కాస్త తేలిగ్గా నడిచేది.

అతనికి నమస్కారం పెడితే మొహం చూడడు, కింది దవడ చూస్తాడని విద్యార్థులు నవ్వుకునేవారు. అతని భార్య బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆమెదీ అదే మాట. "మొదటిసారి చూసినప్పుడు అందరూ కళ్ళు బావున్నాయంటారు. ఈయనేమో పలువరస కుదురుగా ఉందన్నాడు. కొంటాడేమో అనుకున్నా" అని కుట్టు మిషను తొక్కుతూ ఇరుగుపొరుగుతో చెప్పేది.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి ఒక్కతే కూతురు. ఇంట్లో గువ్వ అని పిలిచేవారు. గువ్వకి ఏడాదిన్నర వయసప్పుడు స్నానాల గదిలో సగం నీళ్ళున్న బకెట్లోకి తలకిందులుగా పడింది. అతను అడుగు దూరంలోనే ఉన్నాడు. ఊపిరి తీసి వదిలేలోపు పైకి లాగేశాడు. పిల్ల రెండుసార్లు దగ్గి, తండ్రి మొహం చూసి నవ్వింది కూడా. అతను మాత్రం ఆ రోజు నుంచి మారిపోయాడు. ఇంట్లో బకెట్లన్నీ బోర్లా పడ్డాయి. ఎవరింటికి వెళ్ళినా ముందు తొట్టె ఎక్కడుందో, దాని మీద మూత ఉందో లేదో చూసుకునేవాడు. బడికీ ఇంటికీ మధ్య, పాత ఇటుకబట్టీ వెనకగా ఒక వాగు పారేది. ఎండాకాలంలో మోకాలి లోతు, వానలకి నిలువెత్తు. గువ్వ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆ వాగు అతని గుండెల మీదే పారింది.

పిల్లని అతను ఏనాడూ కొట్టలేదు, గట్టిగా కసురుకోలేదు. అతని భయం వేరే రకంగా బయటపడేది. మొహం పాలిపోయేది. అడిగినదే నాలుగుసార్లు అడిగేవాడు. బడి వదిలే వేళకి పని వదిలేసి గేటు దగ్గర నిలబడేవాడు, కూతురు కనపడగానే అటుగా ఏదో పని మీద వచ్చినట్టు నటించేవాడు. వాగు వైపు వెళ్ళనని గువ్వ చేత ఎన్నిసార్లు మాట తీసుకున్నాడో లెక్క లేదు.

గువ్వకి తొమ్మిదేళ్ళప్పుడు, ఒక ఆదివారం పొద్దున, కాగితంలో చుట్టిన ఒక పుర్రెను తెచ్చి తండ్రి ముందు పెట్టింది. అప్పటికే ఆ పిల్ల కళ్ళకు అలాంటివే ఆనేవి. ఎండిపోయిన తొండ, పాము కుబుసం, పక్షి రెక్క ఎముక, ఏది దొరికినా జేబులో వేసుకుని వచ్చేది. వాళ్ళమ్మ యూనిఫారాల జేబులు తిప్పి చూడనిదే ఉతకడానికి వేసేది కాదు. పుర్రె మాత్రం అదే మొదటిసారి. ముక్కు దగ్గర కొంత విరిగింది, కింది దవడ లేదు, పళ్ళు చాలావరకు రాలిపోయాయి.

బాబాయి సంతోషం పట్టలేకపోయాడు. అయినా పద్ధతి పద్ధతే. చేతులు వెనక్కి కట్టుకుని, "ఎక్కడ దొరికింది తల్లీ?" అన్నాడు.

గువ్వ ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం అతనికి తర్వాత చాలా రోజులు గుర్తొచ్చింది. "కొండ మీద నాన్నా. మొన్న మొక్కలు నాటడానికి బడి వాళ్ళు తీసుకెళ్ళారుగా, అక్కడ" అంది.

కొండ అనగానే అతని బుర్రలో సగం జంతువులు పక్కకి తప్పుకున్నాయి. ఈ సైజు పుర్రె, మాంసం తినే జాతి, కొండ మీద చెట్లు. మానుపిల్లి అయి ఉంటుంది, రాత్రిళ్ళు కొమ్మల మీద తిరిగే ఆ పొడుగు తోక జంతువు. అనుకున్నాకే పుర్రెను చేతిలోకి తీసుకున్నాడు.

పుర్రె అతనితో వాదించింది. మానుపిల్లికి పై వరుసలో కోరపన్ను వెనక ఒక్కో వైపు ఆరు పళ్ళుండాలి. దీనికి ఐదింటి గుంటలే కనిపించాయి. ఆరోది ఎలాగూ చిన్న పన్ను, అక్కడ ఎముక కొంచెం చిట్లింది కూడా, ఊడిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. నడినెత్తి చదునుగా, వెడల్పుగా ఉంది. ఇంకా కుర్రది, నెత్తి మీద గట్టు లేవలేదనుకున్నాడు. కంటిగుంటకి ముందు చెంప ఎముకలో ఒక రంధ్రం ఉంటుంది, మీసాల నరాలు దానిలోంచి బయటికి వస్తాయి. మానుపిల్లికి అది సన్నగా ఉంటుంది. దీనికి పెన్సిలు దూరేంత ఉంది. ఏ ఎలుకో కొరికి పెద్దది చేసిందనుకున్నాడు. ముక్కు లోపల సన్నటి బూడిదరంగు ఒండ్రు ఇరుక్కుని ఉంటే, కుంచెతో దులిపి, ఉఫ్ అని ఊది పారేశాడు. కొండ మీద మట్టి ఎర్రటి మొరం అని అతనికి తెలియక కాదు.

గువ్వ బల్ల అంచు పట్టుకుని ఇదంతా చూస్తోంది. "నాన్నా, ఇది నీళ్ళలో ఉండేది కాదా?" అని మెల్లగా అడిగింది.

బాబాయి నవ్వాడు. "కొండెక్కి ఈత కొడుతుందా ఏంటి? నీళ్ళు తలమీద మోసుకుని వెళ్ళిందేమో అడుగు" అన్నాడు.

వాళ్ళమ్మ కూడా మిషను ఆపి నవ్వింది. గువ్వ నవ్వినట్టు మొహం పెట్టి ఊరుకుంది. మర్నాడు అతను పుర్రెను కాలేజీకి తీసుకెళ్ళి, దూది పరిచి, లేబులు కట్టి, రిజిస్టరులో ఎక్కించాడు. దొరికిన చోటు, కొండ. తెచ్చినవారు, మా అమ్మాయి. జంతువు, మానుపిల్లి. ఆ మధ్య గడిని కాస్త పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

అయిదు నెలల తర్వాత వాగు సంగతి వచ్చింది. వానలకి అది పొంగి వీధుల్లోకి వస్తోందని, వంపులు తీసేసి రెండు పక్కలా సిమెంటు గోడలు కట్టాలని నిర్ణయించారు. పని మొదలుపెట్టే ముందు అక్కడ కాపాడాల్సిన జంతువులు ఉన్నాయో లేవో కాలేజీని అడిగి కాగితం తీసుకోవాలట. విభాగం హెడ్ మేడమ్ తనే చివరి గదికి వచ్చింది.

"బాబాయ్, గాలం వేసేవాళ్ళు వాగులో నీటికుక్కల్ని చూశామంటున్నారు. చూశామంటే కుదరదట, సాక్ష్యం ఉండాలట. మన దగ్గర వాగు మీద దొరికింది ఏదన్నా ఉందా? ఒక్క పుర్రె ఉన్నా ఇటుకబట్టీ దగ్గర్నుంచి మైలు పొడుగున మట్టి గట్లు అలాగే వదిలేస్తారు."

అతనూ ఆ మాటలు విన్నవాడే. ఉంటే బావుండునని మనసులో ఉంది. రెండు రోజులు కూర్చుని పదిహేనేళ్ళ రిజిస్టర్లు తిరగేశాడు. వేలు మాత్రం దొరికిన చోటు గడి మీదే నడిచింది. వాగు అన్న మాట ఎక్కడ ఉందా అని చూశాడు గానీ జంతువులను మళ్ళీ తీసి చూడలేదు. ఎందుకు చూస్తాడు, అన్నీ తను చూసి రాసినవే. కొండ అన్న గడి మీదుగా కూడా అతని వేలు జారిపోయింది. సాక్ష్యం ఏదీ లేదని మేడమ్ కాగితం రాసింది, పరిశీలించినవారు అని దాని కింద అతని సంతకం కూడా పెట్టించింది. అటెండరు సంతకం అలాంటి కాగితం మీద పడటం అదే మొదలు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఈ సంగతంతా ఇంట్లో చెప్పాడు. గువ్వ ముద్ద నోటి దాకా తెచ్చి ఆపింది.

"ఒకవేళ పుర్రె ఉంటే?" అంది.

"ఉంటే గట్లు వదిలేస్తారు. లేదు కదా మరి."

గువ్వ కంచంలోకి చూస్తూ కూర్చుంది. ఇంకో ముద్ద తినలేదు. ఏమైందమ్మా అంటే కడుపులో నొప్పిగా ఉందంది. అతను వెంటనే చెయ్యి కడుక్కుని వచ్చి నుదురు తాకి చూశాడు, నాలుక చూపించమన్నాడు, బయట ఏమన్నా తిన్నావా అని నాలుగుసార్లు అడిగాడు. జ్వరమాని తెచ్చి చంకలో పెట్టాడు. ఆ సాయంత్రం గువ్వని ఎన్నో ప్రశ్నలు అడిగాడు. అడగాల్సిన ప్రశ్న తప్ప అన్నీ అడిగాడు. జ్వరం లేదని తేలాక, "హమ్మయ్య" అని భార్య వైపు చూశాడు.

గోడలు కట్టడానికి ఏడాది పట్టింది. వాగు కాలువైంది. వీధుల్లోకి నీళ్ళు రావడం ఆగింది, ఆ మాట నిజమే, జనం సంతోషించారు. బాబాయి కూడా సంతోషించాడు. కాలువకి ఇనప కంచె వేశారు మరి, కూతురు బడికి వెళ్ళే దారి భద్రమైంది. గువ్వ ఇంటికి ఏవీ తేవడం మానేసింది. యూనిఫారం జేబుల్లో పెన్సిలు ముక్కలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. పిల్ల ఎదిగిందిలే, ఆ సరదాలు పోయాయిలే అని భార్యాభర్తలు అనుకున్నారు.

పుర్రె దొరికి మూడేళ్ళు గడిచాయి. విభాగంలో కొత్తగా చేరిన ఒక పరిశోధక విద్యార్థిని పాత డబ్బాలన్నీ ఒక్కొక్కటే తీసి కొలతలు రాసుకుంటోంది. ఒక మధ్యాహ్నం ఒక డబ్బా పట్టుకుని బాబాయి దగ్గరికి వచ్చింది.

"ఇది మానుపిల్లి అని ఎవరు చూశారు బాబాయ్?"

"నేనేనమ్మా. కొండ మీద దొరికింది. మా అమ్మాయే తెచ్చింది."

ఆ విద్యార్థిని మర్యాద తెలిసినది. లేబులు విప్పి పక్కన పెట్టి, ఉత్త పుర్రెను అతని చేతికి ఇచ్చింది. "కొండ సంగతి వదిలేయండి. ఇది ఎక్కడ దొరికిందో మీకు తెలీదనుకోండి. ఇప్పుడేమంటారు?"

బాబాయి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. గుంటలు లెక్కపెట్టే పని లేకపోయింది. చదునైన నెత్తి, పొట్టి మూతి, చెంపలో అంత పెద్ద రంధ్రం. మసకనీళ్ళలో చేప కదలికను మీసాలతో పసిగట్టే జంతువుకి తప్ప అంత లావు నరాలు ఇంకెవరికి కావాలి? మొదటి ఏడాది విద్యార్థి కూడా చెప్పగలడు.

"నీటికుక్క" అన్నాడు. ఆ విద్యార్థిని ఇంకేదో చెబుతోంది గానీ అతనికి వినపడలేదు.

ఇంటికి సైకిలు తొక్కుతూ దారి పొడుగునా ఒక ఆశ పట్టుకుని వేలాడాడు. ఏ కుక్కో వాగు దగ్గర నోట కరుచుకుని కొండ మీద పడేసి ఉంటుంది. అలాగైతే తన తప్పు సగమే. ఇంట్లో గువ్వ లెక్కలు చేసుకుంటోంది, పన్నెండేళ్ళు నిండిన పిల్ల. బూట్లు విప్పకుండానే వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఆ పుర్రె కొండ మీదే దొరికిందా తల్లీ?" అన్నాడు.

ఏ పుర్రె అని గువ్వ అడగలేదు. పెన్సిలు కింద పెట్టింది. "కాదు నాన్నా. వాగులో."

ఇటుకబట్టీ వెనక, గట్టు కింద చెట్ల వేళ్ళ మధ్య దొరికిందట. ఒండ్రు కనపడకుండా బడి కుళాయి కింద కడిగిందట. అంతకు ముందు నెల రోజుల నుంచీ బడి వదిలాక అటు వెళ్ళి బతికున్న నీటికుక్కల్ని చూస్తోందట. పుర్రె దొరికాక, ఇది వాటిదేనా కాదా అన్నది తండ్రి చెబితేనే తేలుతుందని తెచ్చిందట. గువ్వ అన్నీ తలొంచుకుని చెప్పింది, కానీ ఏడవలేదు. ఎన్నిసార్లు మనసులో చెప్పుకుందో, మాటలు అరిగిపోయినట్టు వచ్చాయి.

"నేను కొడతానని భయపడ్డావా?" అని అడిగాడు. అవునంటే బావుండుననిపించింది.

"నువ్వెప్పుడు కొట్టావు? వాగు దగ్గరికి వెళ్ళానని తెలిస్తే నువ్వు నిద్రపోవు నాన్నా. అన్నం కూడా తినవు. నీ మొహం చూడలేను నేను" అంది. మళ్ళీ, "ఆ కాగితం మీద సంతకం పెట్టావని చెప్పిన రోజు చెప్పేద్దామనుకున్నా. నువ్వు జ్వరం చూడ్డం మొదలుపెట్టావు" అంది.

మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

పిల్లని కాపాడుకుంటున్నానని అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల తన భయం నుంచి తననే కాపాడుతూ వచ్చిందన్న సంగతి ఆ రోజే తెలిసింది. కొండ అన్న మాట గువ్వ నోట వచ్చింది గానీ, ఆ మాట ఆమె నోట్లో పెట్టింది తనే. తప్పు చూపు వల్ల అయితే కళ్ళద్దాలు మార్చుకుని సర్దుకునేవాడు. ఇది అలా సర్దుకునేది కాదు.

మర్నాడు హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. కూతురు అబద్ధమాడిందన్న ముక్క మాత్రం మింగేశాడు. దొరికిన చోటు తనే తప్పు రాసుకున్నానన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి కాలువ కట్టించిన ఆఫీసుకి ఉత్తరం రాశారు. నెల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. పని పూర్తయిందని, ఫైలు మూసేశామని, తెలియజేసినందుకు కృతజ్ఞతలని.

ఆ ఆదివారం మధ్యాహ్నం తండ్రీ కూతురూ నడుచుకుంటూ ఇటుకబట్టీ వెనక్కి వెళ్ళారు. చోటు సరిగ్గా చూపించమని, చూసినవన్నీ వివరంగా చెప్పమని అతనే అడిగాడు. కనీసం రిజిస్టరులోనైనా నిజం ఉండాలని అతని ఆశ. జేబులో చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టుకున్నాడు. రెండు పక్కలా బూడిదరంగు గోడలు, వాటి మధ్య తిన్నగా, చప్పుడు లేకుండా పోతున్న నీళ్ళు. గువ్వ కంచె పట్టుకుని అటూ ఇటూ చూసింది. నాలుగడుగులు ముందుకి వేసింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఇక్కడే అనుకుంటా నాన్నా. అప్పుడు ఒక వంపు ఉండేది. వంపు లేకపోతే తెలీట్లేదు."

"పోనీలే. ఎన్ని ఉండేవి?"

"మూడు. కాదు, నాలుగోది ఒకటి చిన్నది వచ్చేది."

"పిల్లా? ఎంత ఉండేది? తోక చివర సన్నగా ఉండేదా, బల్లపరుపుగా ఉండేదా? చేపని తల వైపు నుంచి తినేవా?"

గువ్వ కళ్ళు మూసుకుని ఆలోచించింది. నిజంగానే ఆలోచిస్తోందని, తన కోసం కష్టపడుతోందని అతనికి కనపడుతూనే ఉంది.

"ఒకటి వెల్లకిలా పడుకుని తినేదనుకుంటా నాన్నా. తర్వాత టీవీలో చూసింది గుర్తొస్తోందేమో మరి. మూడేళ్ళయింది కదా" అంది.

బాబాయి పుస్తకంలో మూడు అని రాసి, పక్కన నాలుగు అని రాసి, రెండింటినీ చూస్తూ నిలబడ్డాడు. ఏది కొట్టెయ్యాలో అతనికి తెలియలేదు.